పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు కళ్లజోడు మాని లెన్సులు పెట్టుకోవచ్చునా?

చీమకుర్తి నుంచి:
నేను గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. రెండు కళ్లకూ మైనస్ 6 ఉంది. చెమటకు కళ్లజోడు ముక్కు మీద నిలవదు. రాయి కోసే మిషను నుంచి లేచే తుంపర అద్దాల మీద పడి, ఆరిపోయి, సున్నం చల్లినట్టు మరకలు కడుతుంది. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. ఈ ఏడాదిలో ఇది రెండో జత. లెన్సులు తీసుకుందామంటే ‘కంట్లో ప్లాస్టిక్కు పెట్టుకుంటావా’ అని మా అమ్మ ఒప్పుకోవడం లేదు. వాడినవారు చెప్పగలరు.

నెల్లూరు నుంచి:
తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను, ధైర్యంగా తీసుకోండి. మైనస్ 6 అద్దంలోంచి చూస్తే ప్రతి వస్తువూ ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది, ఫ్రేము అంచు దాటితే అంతా మసక. లెన్సు కంటి మీదే కూర్చుంటుంది కనుక ఆ రెండు బాధలూ తీరుతాయి. కళ్లజోడు కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటుంది. ఆ ఎడం పోతుంది కాబట్టి మీ మైనస్ 6 లెన్సులో మైనస్ 5.5 దగ్గరకు దిగుతుంది. కళ్లజోడు చీటీ చూపించి లెన్సులు కొనకూడదనేది అందుకే. కంటి వంపును కూడా కొలిపించుకోవాలి. ఇక అమ్మగారి భయానికి జవాబు ఏమిటంటే, మెత్తని లెన్సు నీటిని పీల్చుకొని మెత్తబడే పదార్థంతో చేసినది. చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్తెర్లే 1961లో పిల్లల ఆటసామాన్ల ముక్కలతో ఇంట్లోనే బిగించిన యంత్రం మీద ఆ లెన్సులను తయారుచేశారు.

ముత్తుకూరు నుంచి:
నెల్లూరు సోదరుడు కంటి లెక్క సరిగానే చెప్పారు, పనిచేసే చోటును మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

నేను రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాను. రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందేమో చూస్తుండగా కంట్లో నలుసు పడినట్టయింది. లెన్సు తీసి, బోరు నీళ్ల కింద కడిగి, మళ్లీ పెట్టుకున్నాను. అవి మేము తాగే నీళ్లే, తేటగా ఉన్నాయి. మూడో రోజుకు కన్ను ఎర్రబడింది. నాలుగో రోజున ట్యూబులైటు వెలుతురు కూడా భరించలేక తలుపులు వేసుకొని పడుకున్నాను. నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. గంటగంటకూ చుక్కలు వేయడానికి మా ఆవిడ రాత్రంతా అలారం పెట్టుకొని లేచేది. పుండు మానింది కానీ మచ్చ ఉండిపోయింది. ఇప్పటికీ ఆ కంటితో చూస్తే ఎదురుగా వచ్చే లారీ లైటు చుట్టూ పొగ కమ్మినట్టుంటుంది.

నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియాలో రక్తనాళాలు లేవని, అది కన్నీటి ద్వారా గాలిలోంచే ప్రాణవాయువు తీసుకుంటుందని, లెన్సు ఆ దారికి ఎంతో కొంత అడ్డమేనని డాక్టరుగారు తరువాత వివరించారు. అలా అలసిన పొర మీద సన్నని గీత పడినా క్రిములకు చోటు దొరుకుతుంది. కుళాయి నీళ్లలోను, మట్టిలోను అకాంతమీబా అనే ఏకకణజీవి ఉంటుంది. అది లెన్సుకు అంటుకొని కంటికి చేరితే చూపే పోవచ్చు. నాకు లెన్సులు అమ్మిన షాపులో పెట్టడం, తీయడం అరగంట నేర్పారు. నీళ్లు తగలకూడదన్న ఒక్క మాట చెప్పలేదు.

మీ ఫ్యాక్టరీల్లో కోతకు వాడిన నీటినే తొట్లలో తేర్చి మళ్లీ వాడతారు. ఆ తుంపర ముఖాన పడే చోట, గోళ్లలో రాతిబురద ఉండగా, నలుసు పడిన లెన్సును ఎక్కడ తీస్తారు? పైగా ఎగిరివచ్చే రాతిపలుకును లెన్సు ఆపలేదు. మామూలు కళ్లజోడూ పక్కల నుంచి వచ్చేదాన్ని ఆపదు. కాబట్టి పనిలోకి పాలీకార్బనేట్ అద్దాలతో, పక్కలు మూసిన పవర్ గాగుల్స్ చేయించుకోండి. వెనక పట్టీ ఉంటే చెమటకు జారవు. మరకలను ముందు మంచినీళ్లతో కడిగి, ఆ తరువాతే మెత్తని గుడ్డతో తుడవండి. పొడిగా తుడిచినప్పుడు రాతిపొడే గీతలు గీస్తుంది.

నెల్లూరు నుంచి:
నీళ్ల సంగతి మొదటే నేను రాయవలసింది, ఒప్పుకుంటున్నాను. అయినా లెన్సులంటేనే భయపడేలా చెప్పడం న్యాయం కాదు. ఒక కంటికి మైనస్ 1, రెండో కంటికి మైనస్ 7 ఉన్నవారికి కళ్లజోడుతో రెండు కళ్ల బొమ్మలూ సరిగా కలవవు. కెరటోకోనస్ వచ్చి కార్నియా శంకువులా ముందుకు ఉబికినవారికి చాలాసార్లు గట్టి లెన్సుతోనే చూపు తేటపడుతుంది. సెలవు రోజున, ఒక్కరోజు వాడి పారేసే రకం పెట్టుకొని, పడుకొనే ముందు తీసేస్తే ఈ తమ్ముడికి వచ్చే ఇబ్బంది ఏముంది?

ముత్తుకూరు నుంచి:
ఏమీ లేదు. ఫ్యాక్టరీ గేటు లోపల వద్దన్నాను, అంతే. ఒక్క షరతు: సరైన పవర్ ఉన్న కళ్లజోడు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. లెన్సులు వచ్చాయి కదా అని నేను నా పాత జోడును ఎవరికో ఇచ్చేశాను. కన్ను ఎర్రబడిన తరువాత కూడా ఆ లెన్సు తీయకుండా పనికి వెళ్లింది, పెట్టుకోవడానికి వేరే జోడు లేకనే.