వెల్డింగ్ షాపు: ఆర్డర్లు తగ్గాయి, బాకీ రావట్లేదు, లోన్ తీసుకోమంటారా?

పర్లాకిమిడి వెల్డింగ్:
అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తాం. నేను, ఇద్దరు కుర్రాళ్లు. సగం పని ఊళ్లోది, సగం ఏరు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపుది. కొన్ని నెలలుగా ఇళ్లు కట్టేవాళ్లు తగ్గారు, ఇనుము రేటు ఈ వారం ఒకటి వచ్చే వారం ఒకటి, ఒప్పుకున్న పని పూర్తయ్యేలోపే మిగిలేదంతా పోతోంది. దానికి తోడు ఒక కాంట్రాక్టర్‌కి షెడ్డు చేసిచ్చాం, ఫోన్ చేస్తే "నాకే బిల్లు పాసవలేదు బాబూ" అంటాడు. ముద్రా లోన్ తీసుకుని కొన్నాళ్లు లాక్కురమ్మని మా బావమరిది అంటున్నాడు. ఒక కుర్రాడిని మానిపిస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచిస్తున్నా. మంచి పనోడు, అదే బాధ.

రాయగడ హార్డ్‌వేర్:
తమ్ముడూ, లోన్ దేనికో ముందు అది చెప్పు. కొత్త కటింగ్ మిషను కొని దానితో నాలుగు పనులు ఎక్కువ చేస్తానంటే తీసుకో, ముద్రాలో 50 వేల వరకు ఇచ్చే లోన్‌ని శిశు అంటారు, 5 లక్షల వరకైతే కిశోర్, తనఖా అక్కర్లేదు. కాంట్రాక్టర్ ఇవ్వని డబ్బు బదులు బ్యాంకు డబ్బు తెచ్చి వాడితే మాత్రం అతని బాకీకి వడ్డీ నువ్వు కడుతున్నట్టే. ఇనుము రేటు సంగతికొస్తే, కొటేషన్ మీద "ఈ రేటు 7 రోజుల వరకే" అని రాయి, మెటీరియల్ డబ్బంతా బయానాగా తీసుకో, ఇవ్వనంటే పైపు, పట్టీ, షీటు పార్టీనే కొనుక్కోమను, నువ్వు కిలోకి ఇంత అని కూలి మాట్లాడుకో. మా దగ్గరికి వచ్చే వెల్డర్లు చాలామంది ఇప్పుడు ఇలాగే చేస్తున్నారు. లాభం తగ్గుతుంది, కానీ రేటు పెరిగిందన్న టెన్షన్ నీది కాదు.

కుర్రాడిని మానిపించకు. మళ్లీ సీజన్ వచ్చేసరికి వాడు విశాఖలోనో చెన్నైలోనో ఉంటాడు.

బరంపురం ఫర్నిచర్:
మొత్తం బయానా అంటే చిన్న ఊళ్లో పార్టీలు పక్క షాపుకి పోతారండీ. సగం ముందు, బండి ఎక్కించేటప్పుడు చాలా వరకు, బిగించాక ఇంకొంచెం, ఇలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. అడగని విషయం ఒకటి చెప్తాను, మన వైపు మాంద్యం కంటే తుపాను ముందొస్తుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే. 2021 నుంచి చిన్న వ్యాపారాలకు "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అనే పాలసీ ఉంది, తుపాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ అందులో ఉంటాయి. మిషన్ల బిల్లులు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, బిల్లు తడిసిపోతే క్లెయిమ్ దగ్గర నానా తంటా.

జయపురం అకౌంట్స్:
ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అదే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉందా? షెడ్డు ఇచ్చేనాటికే ఉంటే మీ చేతిలో చట్టం ఉంది. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాసుకున్న ఒప్పందం ఉంటే 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. తనకు పైనుంచి బిల్లు పాసవలేదన్నది ఈ చట్టం ముందు సాకు కాదు. ఇలాంటి బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. షెడ్డు అక్కడే నిలబెట్టి బిగించారు కాబట్టి "ఇది వర్క్స్ కాంట్రాక్టు (సరుకు అమ్మకం కాదు, కట్టి ఇచ్చే పని), ఈ చట్టం కిందికి రాదు" అని అతను వాదించవచ్చు, కోర్టుల్లో ఆ గొడవ ఉంది. కాబట్టి ముందు ఒక లెటర్ ఇవ్వండి, చాలాసార్లు దానికే కదులుతారు. అతను లెక్కలు రాసేవాడైతే, గడువు దాటిన బాకీని, నిజంగా కట్టిన ఏడాదిలోనే ఇన్‌కమ్ టాక్స్‌లో ఖర్చుగా చూపగలడు, ఏడాది లెక్క ముగిసే మార్చి దగ్గరపడితే అది గుర్తుచేయండి.

ఇంకోటి, మీరు జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే స్కీములో) ఉంటే చేసిన గేటు పాతపట్నం పంపకూడదు. వంతెన దాటితే వేరే రాష్ట్రం, కాంపోజిషన్‌లో అంతర్రాష్ట్ర అమ్మకం కుదరదు.

పర్లాకిమిడి వెల్డింగ్:
కాంపోజిషనే! ఇది ఎవరూ చెప్పలేదు. ఉద్యమ్ పోయినేడే తీసుకున్నా, షెడ్డు దాని తర్వాతే. ఆర్డరు మాత్రం వాట్సాప్‌లోనే, కాగితం లేదు.

జయపురం అకౌంట్స్:
వాట్సాప్ అయినా పనికొస్తుంది, చాట్ డిలీట్ చేయకండి, ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఇకనుంచి బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయించండి. పాతపట్నం పార్టీలను వదులుకోవద్దు, మీ టర్నోవర్ చూసి మామూలు జీఎస్టీకి (రెగ్యులర్‌కి) మారాలా వద్దా లెక్కేద్దాం, పోయినేడు రిటర్నులు దగ్గర పెట్టుకుని మెసేజ్ చేయండి.