మగపంద క్రియన్? మగపంద గతిన్?

కావలి అమ్మాయి:
పొద్దున పాలు విరిగాయి. గిన్నెలో తెల్లటి పలుకులు తేలగానే అమ్మమ్మ గుర్తొచ్చింది. పాలు విరిగిన ప్రతిసారీ ఆవిడ "పసులున్ విఱిగినవి తిక్క! పాలున్ విఱిగెన్" అని రాగం తీసేది. పోరు నుంచి వెనుదిరిగి ఇంటికొచ్చిన ఖడ్గతిక్కనను తల్లి దెప్పిన చాటువు అది, నోటినోటా తిరిగే విడిపద్యం. పద్యం మొత్తం రాసుకుందామని కూర్చుంటే రెండో పాదం దగ్గర ఆగిపోయాను. నా చెవిలో "మగపంద గతిన్" అని ఉంది. అచ్చులో "మగపంద క్రియన్" అని చూశాను. రెంటికీ అర్థం పిరికివాడిలా అనే. ఏది సరైన పాఠం?

నెల్లూరు మాస్టారు:
క్రియన్, అమ్మా.
"అసదృశముగ నరివీరుల
మసిపుచ్చక విఱిగివచ్చు మగపంద క్రియన్
గసవున్ మేయఁగఁ బోయిన
పసులున్ విఱిగినవి తిక్క! పాలున్ విఱిగెన్"
ఇదీ పద్యం. విఱుగు అన్న ఒక్క క్రియ మీద కొడుకు, పసులు, పాలు మూడూ నిలబడ్డాయి. బండి ఱ మాత్రం వదలకండి.

ఒంగోలు పాఠకుడు:
మరి "క్రి" ముందున్న "ద" సంగతేమిటి మాస్టారూ? గురువైతే నాలుగు మాత్రలుండాల్సిన చివరి గణం ఐదు మాత్రలవుతుంది, కందం చెడుతుంది. "గతిన్" అంటే ఏ పేచీ లేదు. అమ్మమ్మగారి పాఠమే నయం.

నెల్లూరు మాస్టారు:
పంద తెలుగు మాట, క్రియ సంస్కృతం. అలాంటిచోట ముందక్షరం ఊనదు, ద లఘువే. పలకడానికి సులువని "గతి" నోళ్లలో చేరి ఉంటుంది. సులువైన మాటను తీసేసి కష్టమైనది ఎవరు పెడతారు?

హైదరాబాదు నుంచి:
అంత దూరం ఎందుకండీ, రేఫను, అంటే "క్రి"లోని ర ఒత్తును, తేల్చి పలికితే చాలు.

నెల్లూరు మాస్టారు:
ఆ వెసులుబాటు అద్రుచు, విద్రుచు వంటి తెలుగు మాటలకు. క్రియకు చెల్లదు.

హైదరాబాదు నుంచి:
చాటువు నోటి మీద బతికిన పద్యం. నోరు తేల్చిందంటే తేలినట్టే. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

కనిగిరి వైపు నుంచి:
"ద" సంగతి మీరు తేల్చుకోండి. నా కన్ను "కసవు" మీద, అంటే గడ్డి మీద ఉంది. 13వ శతాబ్దంలో ఆ పోరు వచ్చిందే కసవు కోసం. కరవుకు తాళలేక పశువుల కాపరుల నాయకుడు కాటమరాజు మందల్ని దక్షిణానికి తోలి, నెల్లూరు రాజు మనుమసిద్ధి బీళ్లలో మేపాడు. పుల్లరి, అంటే మేత పన్ను, దగ్గర మాట చెడింది. పాలేటి ఒడ్డున, పంచలింగాల దగ్గర కలబడ్డారు. ఆ పోరు నుంచి తిరిగొచ్చిన కొడుక్కి విరిగిన పాలు పోస్తూ తల్లి కసవు మాట ఎత్తిందంటే ఊరికే ఎత్తలేదు. పసులు విరగడమంటే మేత దొరక్క మంద చెదిరి ఇంటిదారి పట్టడమని నా నమ్మకం. మా వైపు కొమ్ములవాళ్లు పాడే కాటమరాజు కథలో, మనుమసిద్ధి తరఫున పోరాడిన ఖడ్గతిక్కన ఎదుటిపక్షం వాడు. మీకు నాలుగు పాదాలున్నాయి, మాకు తెల్లవార్లూ సాగే కథ ఉంది.

ఒంగోలు పాఠకుడు:
తల్లి పద్యం కన్నా భార్య పద్యమే నాకు గుచ్చుకుంటుంది. స్నానానికి నీళ్లు తోడి, మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపుముద్ద ఉంచింది. "ముగు రాఁడవార మైతిమి, వగపేటికి" అంటుంది. అత్త, తను, మూడో ఆడది ఆయన! పసుపుముద్ద చూశాక పద్యం వినకపోయినా ఆయనకు అర్థమయ్యేది.

నెల్లూరు మాస్టారు:
నాదొక ఊహ. ఈ తిక్కన మన కవి తిక్కనకు పెదతండ్రి కొడుకో పినతండ్రి కొడుకో, ఏదైనా ఆ ఇంటివాడే. భారతాన్ని కవి ఎత్తుకున్నది విరాటపర్వంతో, అందులో ఉన్నది గోగ్రహణం, ఆవులమందల కోసం సాగిన పోరు. ఉత్తరుడు రథం దిగి పరుగెత్తే ఘట్టం చదివినప్పుడల్లా, తిక్కన కళ్లలో తన ఇంటి వాకిలే మెదిలి ఉంటుందనిపిస్తుంది.

హైదరాబాదు నుంచి:
ఉత్తరుడు వ్యాసుడిలోనే పారిపోయాడు మాస్టారూ.

నెల్లూరు మాస్టారు:
పారిపోయాడు. కానీ తిక్కన పరుగెత్తించిన తీరు వేరు. ఒక్కసారి పైకి చదవండి, నడుమ ఆగకుండా.

కనిగిరి వైపు నుంచి:
ఉత్తరుడు వెనక్కి మళ్లి బతికాడు. మీ తిక్కన వెనక్కి మళ్లి వచ్చాక, తిరిగి వెళ్లి పోరులోనే పడ్డాడు. ఆ తేడా కూడా కవికి తెలుసు.

కావలి అమ్మాయి:
ఇప్పుడే పెద్దమ్మకు ఫోన్ చేశాను. అమ్మమ్మ గొంతు నాకన్నా ఎక్కువ విన్నది ఆవిడే. క్రియన్ కాదట, గతిన్ కాదట. "మగపంద వలెన్" అంది.

నెల్లూరు మాస్టారు:
వలెన్. గణం సరిపోతోంది. రేపు మాట్లాడుకుందాం.