మేడ మీద వాక్కాయ మొక్క పూయట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (విజయవాడ, సత్యనారాయణపురం):
డ్రమ్ములో పెట్టిన వాక్కాయకి మూడేళ్లు. ఆకులు నిగనిగలాడుతున్నాయి, ముళ్లు చీర పట్టుకుని లాగుతున్నాయి, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. రోజూ నీళ్లు పోస్తున్నా, అప్పుడప్పుడు చిటికెడు యూరియా. మా ఆయన పీకేయమంటున్నారు. నాకేమో వాక్కాయ పప్పు మీద ఆశ చావట్లేదు.

జవాబు (గుంటూరు):
అమ్మా, ముందు ఆ యూరియా మానేయండి. నత్రజని ఎక్కువైతే అంతా ఆకే. ఇది రాళ్ల గుట్టల్లో దానంతటదే బతికే మొక్క. పై మట్టి బాగా ఎండాకే నీళ్లు పోయండి. డ్రమ్ము అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి, నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. ఎండ ఎంతసేపు పడుతుంది?

ప్రశ్న అడిగినవారు:
పొద్దున రెండు గంటలే అండీ. పక్కన అపార్ట్‌మెంట్ లేచింది.

జవాబు (గుంటూరు):
అదీ అసలు సంగతి! కనీసం ఆరు గంటలు కావాలి, డ్రమ్ము జరిపించండి. పూత కొత్త కొమ్మల చివర వస్తుంది కాబట్టి వర్షాలు తగ్గాక కొసలు కత్తిరించండి. తెల్లటి పాలు జిగురుగా కారతాయి, చేతులకి గ్లౌజులు వేసుకోండి. మా పొలం గట్టున కంచెగా వేసినవి ఫిబ్రవరి, మార్చిలో పూస్తాయి. శ్రావణానికి పులిహోరకి సరిపడా కాయ.

ఇంకొకరు (మంగళగిరి):
గింజ మొక్కైతే కాపుకి ఆలస్యమే. ఇంకో ఏడాది చూడండి, పీకొద్దు.