నాలుగుసార్లు చదివిన పుస్తకం పరీక్షలో ఎందుకు గుర్తురాలేదు?

రాత్రిడ్యూటీ:

నా వయసు 41. ప్రమోషన్ పరీక్ష రాశాను, 6 మార్కుల తేడాతో పోయింది.

చదవలేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. 14 అధ్యాయాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు చదివాను. మొదటిసారి పసుపు మార్కర్, రెండోసారి గులాబీ. చివరికి రంగు పడని లైనంటూ మిగల్లేదు. నాలుగో విడతకల్లా పేజీ తిప్పకముందే అవతల ఏముందో తెలిసిపోయేది. పరీక్ష ముందురోజు ఏ టెన్షనూ లేకుండా పడుకున్నాను.

మూడో ప్రశ్న చూడగానే, దాని జవాబు ఎడమవైపు పేజీలో, కింద, సిరా మరక పక్కనే ఉందని గుర్తొచ్చింది. మరక ఆకారం కూడా కళ్లకు కట్టింది. అక్కడ రాసి ఉన్నదేమిటో మాత్రం ఎంత తన్నుకున్నా రాలేదు.

ఇంకో ఐదు నెలల్లో మళ్లీ పరీక్ష ఉంది. ఈసారి ఎనిమిదిసార్లు చదవనా? లేక వయసు మీదపడి జ్ఞాపకశక్తి తగ్గిందని సరిపెట్టుకోనా? ఇంకొకటి కూడా. ఒక వీడియో పాఠాల కోర్సుకి ముందే ఫీజు మొత్తం కట్టేశాను. ఆయన చెప్పేది నా తలకెక్కడం లేదు. కట్టిన డబ్బు దండగవుతుందని రోజూ గంటసేపు కూర్చుని చూస్తున్నాను. మానేయనా?

పాతపెన్ను:

మరక ఆకారం గుర్తుందంటే మీ జ్ఞాపకశక్తి మీద అప్పుడే నింద వేయకండి.

నేను కాగ్నిటివ్ సైకాలజీ పాఠం చెబుతాను. మీ కథ ఏటా వింటూనే ఉంటాను, మార్కర్ రంగులే మారతాయి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకి ఒక చిన్న వ్యాసం ఇచ్చి ప్రయోగం చేశారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలూ చదువుకుంది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివింది. మిగిలిన మూడు విడతలూ వ్యాసం చూడకుండా, గుర్తున్నంత కాగితం మీద పెట్టింది. ఐదు నిమిషాలకే పరీక్ష పెట్టినవాళ్లలో చదివిన జట్టుదే పైచేయి, 83 శాతం. రాసిన జట్టుకి 71. వారం ఆగి పరీక్ష పెట్టినవాళ్లలో మొత్తం తిరగబడింది. చదివినవాళ్లకి 40, రాసినవాళ్లకి 61.

ఈ అంకెలకంటే నాకు నచ్చేది ఇంకొకటుంది. వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, నాలుగు విడతలూ చదివినవాళ్లే ఎక్కువ ధీమాగా చెప్పారు.

మీరు టెన్షన్ లేకుండా పడుకున్నారే, అది ఆ ధీమాయే. పేజీ తిప్పకముందే తెలిసిపోవడమంటే చూసి గుర్తుపట్టడం. పరీక్ష అడిగేది చూడకుండా గుర్తుతెచ్చుకోవడం. ఎదురుపడిన మనిషిని ఇట్టే గుర్తుపడతాం, పేరు మాత్రం నాలుక చివరే ఆగిపోతుంది. ఇదీ అంతే. మీరు నాలుగుసార్లు సాధన చేసింది మొదటిదాన్ని. రెండోదాన్ని తొలిసారి చేసింది పరీక్ష హాల్లోనే.

పోనీ, ఇది జ్ఞాపకం గొడవ మాత్రమే అయితే బాగుండేది. ‘ఈ అధ్యాయం వచ్చేసింది, ఇక చాలు’ అని ఆపేది మనమే, అదీ ఈ ధీమాని నమ్ముకుని. 1978లో బ్యాడ్లీ, లాంగ్‌మన్ బ్రిటన్ తపాలా ఉద్యోగుల టైపింగ్ శిక్షణని పరిశీలించారు. రోజుకి గంట నేర్చుకున్నవాళ్లకి, రోజుకి నాలుగు గంటలు కూర్చున్నవాళ్లకంటే తక్కువ గంటల సాధనతోనే పని పట్టుబడింది. ఎవరికి అసంతృప్తి ఎక్కువో ఊహించండి. ఆ గంటవాళ్లకే! మిగతావాళ్లు తమకంటే ముందే ముగిస్తున్నారని.

ఎనిమిదిసార్లు చదవొద్దు. అధ్యాయాన్ని ఒక్కసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. మొదటిరోజు అరపేజీ కూడా నిండదు, మీమీద మీకే ఒళ్లు మండుతుంది. మండనీయండి.

చిల్లరప్రశ్న:

నేనూ ఒకప్పుడు ఇలాగే పుస్తకం మూసి రాసేవాణ్ణి. రాసినదాన్ని పుస్తకంతో సరిచూసుకునేవాణ్ణి కాదు. ఒక సూత్రంలో ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పెట్టి, నెలరోజులు శ్రద్ధగా అదే తప్పు రాశాను. ఇప్పటికీ ముందు మైనస్సే వస్తుంది, నాలుక కరుచుకుని మార్చుకుంటాను. అయినా అసలు అర్థమే కానిదాన్ని గుర్తుతెచ్చుకుని ఏం లాభమండీ?

పాతపెన్ను:

అసలు ముక్క చెప్పడం మరిచాను, మంచిపని చేశారు. రాసిన వెంటనే పుస్తకం తెరిచి దిద్దుకోవాలి. రాత్రిడ్యూటీ గారూ, మీ గులాబీ మార్కర్ ఇక్కడ వాడండి, పుస్తకం మీద కాదు, మీరు రాసిన కాగితం మీద. అర్థం కానిచోట మళ్లీ చదవాల్సిందే, చదవడం పాపమని నేననలేదు.

అదే అధ్యాయం ఎన్నాళ్లకి మళ్లీ రాయాలంటారా? పరీక్ష ఎంత దూరముంటే ఎడం అంత పెంచాలి. 2008లో సెపెడా బృందం వెయ్యిమందికి పైగా మనుషులతో చేసిన ప్రయోగంలో, వారంలో పరీక్షైతే ఒకటి రెండు రోజుల ఎడం, ఏడాదికైతే మూడు నాలుగు వారాల ఎడం బాగా పనిచేసింది. మీ ఐదు నెలలకి రెండు వారాలు అటూఇటూగా పెట్టుకోండి.

లెక్కలుంటే ఒకే రకం వరసగా చేయకండి, కలిపి చేయండి. 2007లో రోరర్, టేలర్ ఘనపరిమాణం లెక్కలతో చూశారు. సాధన చేసేటప్పుడు రకాల వారీగా చేసినవాళ్లకి 89 శాతం ఒప్పు, కలిపి చేసినవాళ్లకి 60. వారం తర్వాత పరీక్షలో వాళ్లకి 20, వీళ్లకి 63.

గోడమీదపిల్లి:

ఫీజు సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకుంటాను. మా ఇంట్లో ఒక ప్రింటర్‌ని మూడుసార్లు రిపేరు చేయించాను, ప్రతిసారీ ‘ఇంత పెట్టాక వదిలేస్తామా’ అంటూ. ఆ డబ్బుతో కొత్తదే వచ్చేది.

1985లో ఆర్క్స్, బ్లూమర్ ఒక నాటకశాల సీజన్ టికెట్లతో దీన్ని పరీక్షించారు. కొందరికి పూర్తి ధరకి, ఇంకొందరికి తగ్గించి అమ్మారు, ఎవరికి ఏదన్నది లాటరీ లెక్కన. నాటకాలు అందరికీ అవే. పూర్తి ధర కట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకి వెళ్లారు. కట్టిన డబ్బు వాళ్లని లాక్కెళ్లిందన్నమాట. మీ రోజూ గంట కూడా అలాంటిదే. చూసినా చూడకపోయినా ఫీజు వెనక్కి రాదు. ఆ గంటని వీడియోకి ఇస్తారా, తెల్లకాగితానికి ఇస్తారా అన్నదే మిగిలింది.

రాత్రిడ్యూటీ:

నాలుగు రోజులు చేసి చూసి రాస్తున్నాను. మూడో అధ్యాయం మూసి రాస్తే 11 లైన్లు వచ్చాయి. నాలుగుసార్లు చదివిన అధ్యాయం! అందులో రెండు తప్పు. ఒళ్లు మండిన మాట నిజమే. నిన్న మళ్లీ రాస్తే 26 లైన్లు. మరక పక్కన ఉన్న పేరా ఏమిటో ఇప్పుడు చూడకుండా చెప్పగలను.

వీడియోలు ఇంకా మానలేదు. ఆదివారం తేలుస్తాను.

గోడమీదపిల్లి:

గోడమీద ఇంకొకరికి చోటుంది, రండి.