ఇంట్లో కట్టిన చెక్క తెరచాప పడవకు ఏ పెయింట్ మంచిది? తెరచాప కొయ్య దేంతో చేయించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండీ. మాది కాకినాడ దగ్గర. ఇంటి వెనక పాకలో 12 అడుగుల చిన్న తెరచాప పడవ కడుతున్నాను. 6 ఎం.ఎం. మెరైన్ ప్లైవుడ్ పలకల్ని తీగతో కుట్టి, కీళ్ల దగ్గర ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), ఫైబర్ టేపు వేశాను. బాడీ పని అయిపోయింది, లోపలా బయటా ఎపాక్సీ ఒక పూత పడింది. ఇప్పుడు రెండు సందేహాలు. హార్డ్‌వేర్ షాపులో మామూలు ఎనామిల్ చాలంటున్నారు. హార్బరు దగ్గర షాపులో రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ (పాలియురెథేన్) పెయింట్ తీసుకోమంటున్నారు, దాని ధర చూస్తే భయమేస్తోంది. ఇక తెరచాప కొయ్య. ప్లాన్‌లో నాలుగున్నర మీటర్ల పొడవు, 60 ఎం.ఎం. మందం, మూడు వైపులా తీగలతో బిగించాలని ఉంది. కర్ర మాత్రం స్ప్రూస్ అని, ఏదో విదేశీ తేలిక కలప రాశారు. మా వెల్డింగ్ షాపాయన రెండంగుళాల జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపు వేసేయమంటున్నాడు, బలంగా ఉంటుందట. మీరేమంటారు?

జవాబు:
తమ్ముడూ, ముందు ఒక్క సంగతి చెప్పు. పడవ రాత్రిళ్లు ఎక్కడుంటుంది? తిప్పిన తర్వాత ఒడ్డుకు లాగేస్తావా, ఉప్పుటేరులోనే కట్టేసి ఉంచుతావా? పెయింట్ సంగతి సగం దాని మీదే తేలిపోతుంది.

నీళ్లలోనే ఉంచేస్తే మన తీరంలో కొద్ది వారాల్లోనే అడుగున నాచు, గుల్లలు పడతాయి. వాటిని ఆపేందుకు యాంటీఫౌలింగ్ పెయింట్ కావాలి, దాని కింద ఎపాక్సీ ప్రైమర్ పూతలు గట్టిగా ఉండాలి. ఎనామిల్ అయినా పీయూ అయినా ఎప్పుడూ నీళ్లలో నానే చోటికి పనికిరావు, బుడగలు లేస్తాయి. ఒడ్డుకు లాగేసే పడవకైతే యాంటీఫౌలింగ్ డబ్బా కొనడం డబ్బు దండగ.

జీఐ పైపు మాట మాత్రం వద్దే వద్దు. లెక్క చూపించి రేపు వివరంగా రాస్తాను.

ప్రశ్న అడిగినవారు:
ఒడ్డుకే లాగేస్తానన్నా. చిన్న చక్రాల బండి చేయించాను. ఆదివారాలు హోప్ ఐలాండ్ ఇవతల, అలలు తక్కువుండే వైపు తిప్పుకుందామని.

జవాబు:
అయితే నీ పని తేలికైంది. ముందు ఆ ఒక్క ఎపాక్సీ పూతతో ఆగకు, ఇంకో రెండు వెయ్యి. ప్లైవుడ్ అంచులు, మేకుల రంధ్రాలు, స్క్రూ దిగే చోట్లు ఎక్కువగా తాగనివ్వాలి. ప్లైవుడ్ చెడేది పైముఖం నుంచి కాదు, కోసిన అంచు నుంచి. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు మన దేశ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లై అయితే 72 గంటలు నీళ్లలో ఉడికించినా దాని జిగురు విడదు. కానీ ఆ పరీక్ష జిగురుకే. నీరు తాగిన చెక్క కుళ్లకుండా అది ఆపదు.

ఎపాక్సీ ఆరాక పైన పల్చగా, మైనంలా జారే పొర తేలుతుంది. మన తేమగాలిలో ఇంకా ఎక్కువ. దాన్ని థిన్నర్‌తో తుడిస్తే అటూ ఇటూ పూసినట్టవుతుంది తప్ప పోదు. మంచినీళ్లు, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్ది కడగాలి. పూర్తిగా ఆరాకే 80, తర్వాత 120 నంబర్ ఉప్పుకాగితం. ఈ కడగడం వదిలేసినవాళ్ల పడవల మీదే పెయింట్ పొరలుపొరలుగా ఊడివస్తుంది, నింద మాత్రం పెయింట్ కంపెనీ మీద పడుతుంది. గుంటలు పూడ్చడానికి గోడ పుట్టీ వాడొద్దు, కార్లకు వేసే పుట్టీ వద్దు. అవి తేమ పీలుస్తాయి. ఎపాక్సీలోనే మైక్రోబెలూన్ పొడి (సన్నటి బోలు గోళీల పొడి) ముద్దలా కలిపి పెట్టు.

ఎండలో వదిలేస్తే ఎపాక్సీ పసుపెక్కి, సుద్దలా రాలుతుంది. అందుకే పైన పెయింట్ తప్పనిసరి. ఇక ఎనామిలా పీయూనా అంటే, నేనైతే ఎనామిల్‌ను తీసిపారెయ్యను. ఇసుక మీద లాగే పడవకు గీతలు పడకుండా ఉండవు. ఎనామిల్ అయితే గీత పడ్డచోట రుద్ది, బ్రష్‌తో నువ్వే వేసుకోవచ్చు. ఒకటి రెండేళ్లకోసారి మళ్లీ వెయ్యాలి, అంతే. ఒక్క చిక్కుంది. కొన్ని ఎపాక్సీల మీద ఎనామిల్ ఎన్నాళ్లకూ ఆరక జిగటగా ఉండిపోతుంది. మధ్యలో రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ పడితే ఆ బాధ తప్పుతుంది. పడవ మీద వేసే ముందు, అదే ఎపాక్సీ రాసిన ప్లై ముక్క మీద మొత్తం వరస వేసి వారం పాటు చూడు.

పీయూ గట్టిది, మెరుపు చాలాకాలం నిలుస్తుంది. ఎండకు తట్టుకునే ఎలిఫాటిక్ రకమే అడిగి తీసుకో. కానీ దాని హార్డెనర్‌లో, అంటే పెయింట్‌ను గట్టిపరిచే రెండో డబ్బాలో, ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు చేటు. ఇంటి దగ్గర స్ప్రే గన్‌తో కొట్టొద్దు. ఫోమ్ రోలర్‌తో పల్చగా పూసి, వెంటనే పొడి బ్రష్ మొనతో తేలిగ్గా లాగితే చక్కగా నున్నగా వస్తుంది. ఆవిరి ఆపే కార్ట్‌రిడ్జ్ మాస్క్ పెట్టుకో, దుమ్ము మాస్క్ సరిపోదు. మంచు ఇంకిపోయాక మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు ముగించు. సాయంత్రం తేమ తగిలితే ఏ పెయింటైనా మెరుపు చచ్చిపోతుంది. రంగు మాత్రం తెలుపో లేత రంగో వెయ్యి. ముదురు నీలం, నలుపు మన ఎండకు కాలిపోతాయి, లోపలి ఎపాక్సీ మెత్తబడుతుంది.

ఇప్పుడు కొయ్య. నువ్వు చెప్పిన కొలతకే బరువులు వేస్తే జీఐ మీడియం పైపు మీటరుకు 5 కిలోలు దాటుతుంది, మొత్తం 23 కిలోల దాకా. లోపల బోలు లేని టేకు కొయ్య 8 కిలోల పైచిలుకు. 2 ఎం.ఎం. గోడ ఉన్న అల్యూమినియం పైపు నాలుగున్నర కిలోల లోపే. పడవ పక్కకు ఒరిగినప్పుడు ఆ బరువంతా పైనుంచి ఇంకా కిందికి లాగుతుంది. 12 అడుగుల పడవకు పైన 23 కిలోలు పెడితే చిన్న గాలికే బోల్తా. పైగా ఆ అల్యూమినియం పైపు టేకు బరువులో సగమే అయినా టేకు కన్నా తక్కువ వంగుతుంది.

షాపులో 'అల్యూమినియం పైపు' అని ఊరికే అడిగితే కర్టెన్ రాడ్ లాంటిది ఇస్తారు. 6061 టీ6 గానీ, హెచ్ఈ30 గానీ అని అడుగు, అవి గట్టి అల్యూమినియం రకాల పేర్లు. స్టెయిన్‌లెస్ స్క్రూలు పెట్టే ప్రతిచోటా నైలాన్ వాషర్ వెయ్యి, లేకపోతే ఉప్పునీటిలో ఆ చుట్టూ అల్యూమినియం తినేస్తుంది. ఇత్తడి, రాగి అసలు తగలనివ్వకు. రెండు చివర్లూ నీరు చొరకుండా మూసెయ్యి. పడవ తిరగబడినా కొయ్య తేలితే పడవ పూర్తిగా తలకిందులవదు.

మరొకరు:
నేను హుస్సేన్ సాగర్‌లో పడవ తిప్పుతానండీ. చెక్కే కావాలనుకుంటే ఒక మాట. కలప అడితిలో చూసేటప్పుడు ముడులు లేకుండా, రేఖలు పొడవునా తిన్నగా సాగే ముక్కే ఎంచండి. రేఖ పక్కకు వెళ్లినచోటే విరుగుతుంది. డగ్లస్ ఫర్ అనే విదేశీ కలప దొరికితే టేకు కన్నా తేలిక. ఎనిమిది బద్దలకు అంచున వీ గాడి కోసి, గుండ్రంగా పేర్చి అతికించే పద్ధతుంది, బర్డ్స్ మౌత్ అంటారు. 60 ఎం.ఎం. కొయ్యకు 12 ఎం.ఎం. గోడ ఉంచి లోపల బోలుగా చేస్తే బరువు 36 శాతం తగ్గుతుంది, గట్టితనం 13 శాతమే పోతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. తెల్ల జిగురు వద్దు, ఎపాక్సీనే. పైన ఎండకు ఆగే యూవీ వార్నిష్ ఆరేడు పూతలు, ఏటా ఒకటి రెండు మళ్లీ.

ప్రశ్న అడిగినవారు:
వెదురు ఎలా ఉంటుందండీ? మా వైపు తెప్పలకు అదే కడతారు కదా.

జవాబు:
తెరచాప పైన అడ్డంగా కట్టే కర్రకు ముదురు వెదురు బ్రహ్మాండంగా పనికొస్తుంది. కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టు, పురుగు తక్కువ పడుతుంది. నిలువు కొయ్యకు మాత్రం తీగలు బిగిసేచోట చీలుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. నీ పడవకు అల్యూమినియం నిలువు, వెదురు అడ్డం పెట్టు. ఇంకోటి, బండి మీద లాక్కెళ్లేటప్పుడు కొయ్య దించే ఉంచు. ఒడ్డుకు వెళ్లే దారిలో కరెంటు తీగలు ఎక్కడెక్కడున్నాయో ముందే నడిచి చూసుకో.

ప్రశ్న అడిగినవారు:
మా దారిలో రెండుచోట్ల తీగలు బాగా కిందికున్నాయన్నా. నీళ్ల అంచుకు వెళ్లాకే కొయ్య నిలబెడతాను. రేపు ప్లై ముక్క మీద ప్రైమర్, ఎనామిల్ వేసి చూస్తాను. వారం తర్వాత ఎలా ఆరిందో ఫోటో పెడతాను.