జాతర ఫోటోలకు పాత 50 ఎంఎం లెన్స్ తీసుకోవచ్చా?

మాది తిరుపతి. నికాన్ డి5600 కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. పోయిన మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు తీద్దామని పోతే, చీకటి పడ్డాక తీసినవన్నీ కదిలిపోయినాయి. చీకట్లో వెలుతురు పెంచుకుందామని ఐఎస్ఓ 6400 పెడితే మొహం నిండా గసగసాలు చల్లినట్టు చుక్కలు. తెలిసినాయన ఒకరు పాత 50 ఎంఎం ఎఫ్ 1.8 డి లెన్స్ చౌకగా ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా అన్నా?

జవాబు 1:
ఆగు తమ్ముడూ! ఆ 50 ఎంఎం 'డి' లెన్సులో ఫోకస్ మోటార్ ఉండదు, కెమెరా బాడీలో ఉండాలి. డి5600లో అది లేదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. వేషం కట్టినవాళ్లు నీ కోసం ఆగుతారా? నేనూ ఇట్లే కొని, చెల్లెలి నిశ్చితార్థంలో సగం ఫోటోలు పోగొట్టుకున్నా. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. ఏఎఫ్-ఎస్ 35 ఎంఎం ఎఫ్ 1.8 జి డీఎక్స్ చూడు. మోటార్ అందులోనే ఉంటుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ. నీ లెన్స్ 55 దాకా లాగితే ఎఫ్ 5.6; ఎఫ్ 1.8 అంటే దానికి తొమ్మిదింతల పైనే వెలుతురు. పైగా 50 అయితే 35 కన్నా దగ్గరగా చూపిస్తుంది, జాతర తోపులాటలో వెనక్కి జరగడానికి చోటుండదు.

జవాబు 2:
సెకండ్ హ్యాండ్ అయితే లోపలికి ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడు లాగా కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. 18-55 మాత్రం అమ్మొద్దు. తలకోన జలపాతానికి ట్రైపాడ్ మీద అదే చాలు.

అడిగినవారు:
ఆయనకు వద్దని చెప్పేశా. 35 ఎంఎం వెతుకుతున్నా. ఫంగస్ సంగతి విన్నాక బీరువాలోని నా లెన్సుకే టార్చ్ వేసి చూశా, బాగానే ఉంది.