వర్ధంతి అంటే వర్ధిల్లడమా మాస్టారండీ?

సభ్యులందరికీ నమస్కారం. చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా వరండాలో ఒక నల్లబల్ల ఉంది. దాని మీద తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ ‘ఈ రోజు ప్రత్యేకత’ రాస్తారు. పేపర్లోంచో, ఇంట్లో ఫోన్లోంచో చూసి తెస్తారు. ప్రార్థనకు ముందు నేను ఒకసారి చూసి తప్పులు దిద్దుతాను.

జులై 4 పొద్దున బల్ల మీద ఇలా ఉంది:

అల్లూరి సీతారామరాజు జయంతి (1897)
స్వామి వివేకానంద వర్ధంతి (1902)
పింగళి వెంకయ్య వర్ధంతి (1963)
కీరవాణి జయంతి (1961)

నాలుగోది చూడగానే డస్టర్ అందుకున్నాను. “నిక్షేపంగా ఉన్న మనిషికి జయంతి ఏమిట్రా, పుట్టినరోజు అని రాయి” అన్నాను. చెరిపి రాశాడు. రాసినవాడు లైన్లోకి పోకుండా చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

“మరి వర్ధంతి అంటే ఏటి మాస్టారండీ? వర్ధిల్లడమంటే పెరగడం, బాగుపడడం అని మీరే సెప్పినారు గదా. సచ్చిపోయిన రోజున ఏటి వర్ధిల్లుతాదండీ?”

ఈలోగా గంట కొట్టారు. బతికిపోయాను. “తర్వాత చెబుతాలే” అన్నాను గానీ, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ అనుమానం నాకెందుకు రాలేదా అని ఆ పూటంతా ఒకటే గింజుకున్నాను. సంస్కృతం తెలిసిన పెద్దలు కొంచెం చెయ్యందించాలి. వాడు మర్చిపోయే రకం కాదు.

—

బొబ్బిలి నుంచి, రిటైర్డ్ తెలుగు పండితులు:

మీ శిష్యుడు సగమే అడిగాడండీ. జయంతిలో మాత్రం పుట్టుక ఎక్కడుంది? ‘జి’ అంటే గెలవడం. జయంతి అంటే గెలిచేది. శ్రావణ బహుళ అష్టమి నాడు రోహిణీ నక్షత్రం కలిస్తే ఆ యోగానికి జయంతి అని పేరు. కృష్ణుడు పుట్టింది అప్పుడు కనక అది కృష్ణజయంతి అయింది. దాన్ని చూసి నృసింహ జయంతి, హనుమజ్జయంతి, ఆఖరికి గాంధీ జయంతి వచ్చాయి. ఒక్క తిథి పేరు అందరి పుట్టినరోజులకీ అంటుకుంది.

వర్ధంతి సంగతికొస్తే ‘వృధ్’ ధాతువు. వృద్ధి, వృద్ధుడు, వర్ధనం అన్నీ ఆ కుదుటివే. అర్థం పెరగడమే, అబ్బాయి సరిగ్గానే పట్టాడు. అసలు సంస్కృత వ్యాకరణ ప్రకారం ఇది ఆత్మనేపది, అంటే క్రియకి చివర ‘తే’ వచ్చే రకం. ‘వర్ధతే’ అనాలి, ‘వర్ధమాన’ అనాలి. వర్ధంతి అన్న రూపంతోనే నాకు పేచీ ఉంది. కానీ నా పేచీ ఎవడిక్కావాలి?

—

నరసన్నపేట వాణ్ణి, ఇప్పుడు ఉండేది బెంగళూరు:

నాకు దీని మీద ఒక అనుభవం ఉందండీ. బెంగళూరు వచ్చిన కొత్తలో, ఆషాఢ మాసంలో, పని మీద మైసూరు వెళ్లాను. కన్నడం చదవడం రాదు గానీ అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా, కూడబలుక్కుంటే వచ్చేస్తుంది. పూలదండలు, సీరియల్ సెట్లు, పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ‘చాముండేశ్వరి వర్ధంతి’ అని ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మవారికి వర్ధంతేటి! పక్కనున్న మేస్త్రీని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, ఈ రోజు తల్లి పుట్టినరోజు, కొండ మీద అందుకే ఇంత జనం అన్నాడు. వాళ్ళకి వర్ధంతి అంటే పుట్టినరోజే. మైసూరు మహారాజుల పుట్టినరోజు వేడుకని కూడా వర్ధంతి అనేవారట. గుడి కట్టి ఏడాదైతే అదీ వర్ధంతే.

—

మళ్ళీ నేనే (చీపురుపల్లి):

ఇది బాగుంది! అంటే మా బల్ల మీద రాసినట్టు ‘వివేకానంద వర్ధంతి’ అని మైసూర్లో రాస్తే ఆయన జులై 4న పుట్టాడనుకుంటారన్నమాట. ఆయన పుట్టింది జనవరి 12.

—

గరివిడి నుంచి:

అంత దూరం ఎందుకండీ, మా ఊరి జంక్షన్లో ఓ కుర్రనాయకుడు ‘వర్ధంతి శుభాకాంక్షలు’ అని ఫ్లెక్సీ కట్టించాడు. పైన చనిపోయినాయన ఫొటో, కింద వీడిది, దానికి నాలుగింతలు. రెండు రోజులు అలాగే వేలాడింది, ఒక్కరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఈ చర్చ చదివితే వాడిదే కరెక్టేమో అనిపిస్తోంది.

—

పాలకొండ నుంచి:

పండితులు గారు ధాతువు చెప్పారు, బెంగళూరు తమ్ముడు మైసూరు చెప్పాడు. నేను వంటింట్లోంచి చెబుతాను.

మా నాయనమ్మ డబ్బాలో బియ్యం అయిపోతే ‘అయిపోయాయి’ అననిచ్చేది కాదు. ‘నిండుకున్నాయి’ అనాలి. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అనాలి. ఓసారి, నాకు పదేళ్ళుంటాయి, నూతి దగ్గర చేద లాగుతుంటే గిలక తగిలి ఆవిడ చేతి గాజు పగిలింది. ఆకుపచ్చ ముక్కలు మూడు గట్టు మీద పడ్డాయి. ‘నాయనమ్మా, గాజు పగిలిపోయింది’ అని అరిచాను. తడిచేత్తోనే నా నోరు మూసేసింది. ‘పెరిగింది అనవే!’ అంది. తాళిబొట్టు తాడు తెగినా ఇంతే, ‘పెరిగింది’ అంటారు. తెగింది అన్న మాట నోట రాకూడదు. ముక్కలన్నీ ఏరి కొంగున కట్టుకునేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

తెగినదాన్ని, ఆగినదాన్ని, ఖాళీ అయినదాన్ని పెరిగింది, నిండింది అనడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. హిందీవాళ్ళు కూడా సాయంత్రం కొట్టు మూసేటప్పుడు ‘దుకాణ్ బఢానా’ అంటారు, అంటే కొట్టును పెంచడం. పోయినాయన రోజుని ‘పెరిగే రోజు’ అన్నారంటే అంత ఆశ్చర్యం ఎందుకండీ? మా నాయనమ్మకి చెబితే ‘మరేటంతారు?’ అనేది.

—

బొబ్బిలి నుంచి:

అమ్మా, మీ నాయనమ్మగారికి దణ్ణం. ఇది నాకు తట్టలేదు.

ఒక చిలిపి మాట కూడా చెప్పనివ్వండి. ధాతుపాఠంలో, అంటే సంస్కృత ధాతువుల పట్టికలో, ఇంకో ‘వర్ధ’ ఉంది, దానికి కోయడం అనే అర్థం ఉంది. మనుస్మృతి రెండో అధ్యాయంలో జాతకర్మ ఎప్పుడు చెయ్యాలో చెబుతూ ‘నాభివర్ధనానికి ముందు’ అంటాడు. బొడ్డు పెంచడం కాదు, బొడ్డు కోయడం. అటునుంచి లాక్కొస్తే వర్ధంతి అంటే తెగిన రోజు అవుతుంది, మీ అబ్బాయి నోరు మూయించవచ్చు.

—

నేను (చీపురుపల్లి):

గురువుగారూ, వాడి నోరు మూయించడం మన వల్ల కాదు గానీ, నాకెందుకో ఆ దారి నమ్మబుద్ధి కావడం లేదు. కోత అర్థమే అయితే పక్కనే ఉన్న కన్నడంలో పుట్టినరోజు ఎలా అయింది? నాకు తోచింది చెబుతాను, తప్పయితే దిద్దండి. ఏడాది మీద ఏడాది పెరిగే రోజు వర్ధంతి, అంతే. ఎవరిదైనా, దేనిదైనా. మరాఠీలో పుట్టినరోజుని ‘వాఢదివస్’ అంటారు, అదీ పెరిగే రోజే. మన దగ్గర పుట్టుకని జయంతి ఎత్తుకుపోయింది కనక చావు దీని వాటాకి వచ్చింది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఒకడికి మెట్టు, ఒకడికి పల్లం వచ్చినట్టు. పాలకొండ అక్కగారు చెప్పిన అలవాటు మనలో ఉంది కాబట్టి ఈ వాటా ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. లేకపోతే ఎవరో ఒకరు అడ్డం తిరిగేవారు.

—

శ్రీకాకుళం నుంచి, పౌరోహిత్యం చేసే కుటుంబం:

రెండు ముక్కలు. ఒకటి, మా మాటల్లో ‘వృద్ధి’ అంటే వేరే అర్థం ఉంది. బిడ్డ పుడితే జ్ఞాతులకి వచ్చే ఆశౌచాన్ని వృద్ధి అంటాం. పోతే వచ్చేది మైల. అంటే అదే ధాతువు ఓ చోట పుట్టుక వైపు, ఇంకో చోట చావు వైపు నిలబడింది.

రెండోది, ఇళ్ళల్లో ఎవరూ వర్ధంతి అనరండీ. అది ఫ్లెక్సీల మీద, పేపర్లలో, సభల్లో మాట. ఇంట్లో అనేది తద్దినం, లేదా ఆబ్దికం. మొదటి ఏడాదికి సంవత్సరీకం. ‘తత్ దినం’ అంటే ‘ఆ రోజు’, అంతకంటే ఏమీ లేదు. పుట్టినరోజుని కూడా అలా అనొచ్చు, కానీ అని చూడండి, అత్తగారు చీపురు తిరగేస్తారు. కోరి తెచ్చుకున్న తద్దినం అంటాం కదా. పాపం ‘దినం’ అన్న మాటే చెడిపోయింది. దినాలకి వెళ్ళొచ్చాం అంటే ఇంక అడగక్కర్లేదు.

పైగా తద్దినం తిథికి పెడతాం, వర్ధంతి తారీఖుకి చేస్తారు. ఇంగ్లీషు లెక్కలో ఒకే రోజు పోయినవాళ్ళకి కూడా తద్దినాలు ఒక రోజున రావు. తారీఖు కలిసింది కదా అని మురిసిపోవడంలో నాకు పెద్ద విషయం కనపడదు.

—

విజయనగరం నుంచి, లైబ్రరీ పిచ్చి ఉన్నవాణ్ణి:

పంతులుగారూ, తారీఖులు కూడా ఒకటి కావండీ. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటిస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని చెప్పుకుంటారు. అప్పటికి ఇంగ్లండులో పాత క్యాలెండరు, స్పెయిన్లో కొత్తది. అసలు తేడా పది రోజులు. మన తిథి, తారీఖు గొడవ అక్కడా ఉంది.

కానీ మురిసిపోవడం మానలేను, అది నా బలహీనత. అల్లూరిని కాల్చి చంపింది 1924 మే 7న. టాగూరు పుట్టింది 1861 మే 7న. (బెంగాలీలు మాత్రం వాళ్ళ పంచాంగం ప్రకారం వైశాఖం 25నే చేసుకుంటారు, పంతులుగారికి ఒక పాయింటు.) మాస్టారూ, మీ బల్ల మీద అల్లూరి వర్ధంతి ఎప్పటికీ రాదు, గమనించారా? మే 7న బడికి సెలవులు. మన పిల్లలకి అల్లూరి జులైలో పుడుతూనే ఉంటాడు. అమెరికావాళ్ళకి జులై 4 పండగ రోజే గానీ, వాళ్ళ స్వాతంత్ర్యానికి సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున, 1826లో, వాళ్ళ మాజీ అధ్యక్షులు ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ పోయారు. అయిదేళ్ళ తర్వాత అదే తారీఖున ఇంకో మాజీ అధ్యక్షుడు మన్రో.

బెంగాల్ ముఖ్యమంత్రిగా చేసిన డాక్టర్ బి.సి. రాయ్ పుట్టిందీ పోయిందీ జులై 1నే, 1882లో, 1962లో. ఆయనకి బల్ల మీద ఒక్క లైన్లో ‘జయంతి, వర్ధంతి’ అని రాయాలి. మైసూర్లో ఆ గొడవే లేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మన గిడుగు వారిది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు, 1940 జనవరి 22న పోయారు. అక్కినేని నాగార్జున పుట్టింది ఆగస్టు 29న, 1959లో. నాగేశ్వరరావు గారు పోయింది జనవరి 22న, 2014లో. పుట్టుక కొడుకుతో కలిసింది, పోవడం తండ్రితో కలిసింది. రెండు రోజులూ పొద్దున్నే ఫోను తెరిచి చూడండి, స్టేటస్‌లన్నీ ఎవరివో.

—

గరివిడి నుంచి:

ఇంకొకటి. 2015లో గురజాడ వారు పోయి వందేళ్ళయింది. శతజయంతి అంటే అందరికీ అలవాటే. ‘శతవర్ధంతి ఉత్సవాలు’ అనబోతే నాలుక తడబడుతుంది. ఉత్సవం ఏమిటి? సభ అనడమే మేలు.

—

నేను (చీపురుపల్లి), ఆగస్టు 29 సాయంత్రం:

పాత చర్చనే మళ్ళీ పైకి తెస్తున్నాను, క్షమించాలి.

మీరందరూ చెప్పింది జులైలోనే వాడికి చెప్పాను. గాజు సంగతి బాగా నచ్చింది వాడికి. “మా అమ్మమ్మా అలాగే అంతాదండీ” అన్నాడు. జయంతి మాత్రం అంతగా ఎక్కలేదు.

ఇవాళ తెలుగు భాషా దినోత్సవం. కాస్త త్వరగానే బడికి వెళ్ళాను. బల్ల మీద:

గిడుగు రామ్మూర్తి పుట్టినరోజు (1863)
ధ్యాన్‌చంద్ పుట్టినరోజు (1905)
నాగార్జున పుట్టినరోజు (1959)

డస్టర్ చేతిలోకి వచ్చేసింది. “లేనివాళ్ళకి జయంతి అని చెప్పాను కదరా” అన్నాను. “సెప్పినారండీ. కానీ ఈయన వాడుక భాష కోసం కొట్లాడినాయన గదండీ. మా ఇంట్లో ఎవులూ జయంతి అనరండీ” అన్నాడు. మరి ధ్యాన్‌చంద్ ఏం చేశాడ్రా అంటే, “ఆయన పక్కనున్నాడు గదండీ” అన్నాడు.

డస్టర్ కిటికీలో పెట్టేశాను. ప్రార్థన అయిపోయింది, బల్ల ఇంకా అలాగే ఉంది. రేపు పొద్దున్న చెరిపేదే అనుకోండి. అయినా అడుగుతున్నాను, దిద్దాల్సిందంటారా?

—

బొబ్బిలి నుంచి:

అక్కర్లేదు. పుట్టినరోజు అలాగే ఉండనివ్వండి. రామ్మూర్తిని మాత్రం రామమూర్తి చెయ్యండి.

—

పాలకొండ నుంచి:

వాడుకలో రామ్మూర్తేనండీ గురువుగారూ.